ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) బ్రిటిషు శస్త్రవైద్యుడు, ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి. 1885 నుండి 1901 వరకు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్యపాఠశాల ప్రధానాచార్యుడుగాను పనిచేశాడు. క్లోరోఫాం మత్తులో రోగులు ఎందువల్ల మరణిస్తున్నారు అన్న ప్రశ్నను తేల్చడానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సహాయంతో 1888, 1889 సంవత్సరాలలో జరిగిన రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లకు ఈయనే మూలపురుషుడు. వైద్యరంగంలో ప్రపంచం దృష్టిని హైదరాబాదు వైపు త్రిప్పిన మొదటి సంఘటనలలో ఈ కమిషన్ల కృషి ఒకటి. మత్తు ఇచ్చేటప్పుడు రోగి శ్వాసను క్షణమైనా విడువక గమనించాలని లారీ బోధించిన నియమం వేలాది ప్రాణాలను కాపాడింది. అయితే క్లోరోఫాం నేరుగా గుండెను ఆపలేదన్న ఆయన సిద్ధాంతం తరువాతి పరిశోధనలలో నిలువలేదు. ఈ రెండు కారణాల వల్లనూ మత్తువైద్య చరిత్రలో లారీ జీవితం నేటికీ చర్చకు వస్తూ ఉంటుంది.

తొలి జీవితం, విద్య

లారీ 1846లో జన్మించాడు. అదే ఏడాది అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ మత్తును బహిరంగంగా ప్రదర్శించాడు. అందుచేత లారీ వయస్సు, ఆధునిక మత్తువైద్యం వయస్సు ఒకటేనని చెప్పవచ్చు.

ఆయన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య నేర్చి, అక్కడి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ (1799 - 1870) వద్ద శిష్యరికం చేశాడు. ఈ శిష్యరికమే లారీ జీవితమంతటికీ దారి చూపింది. గురువు చెప్పిన పద్ధతిని ఆయన భారతదేశానికి తెచ్చి, చివరివరకు దానినే పాటించి, దానికోసమే వాదించాడు. 1870 దశకం తొలి సంవత్సరాలలో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. హైదరాబాదుకు రాకముందు లాహోరు వైద్యపాఠశాలలో శస్త్రచికిత్స బోధించాడు.

క్లోరోఫాం వివాదం - పూర్వరంగం

లారీ కృషిని అర్థం చేసుకోవడానికి నాటి వివాదాన్ని కొంత తెలుసుకోవాలి.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. ఈథర్ కంటే ఇది త్వరగా పనిచేస్తుంది, కొద్ది పరిమాణం చాలు, నిప్పంటుకోదు. ఈథర్ సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగుతుంది కనుక వేసవిలో దానిని నిలువచేయడం, వాడడం కష్టం. క్లోరోఫాం 61 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఈ కారణాల వల్ల భారతదేశం వంటి ఉష్ణదేశాలలో క్లోరోఫాం స్థిరపడింది. 1848 జనవరిలోనే కలకత్తాలో దానిని వాడారు.

అదే నెల 28వ తేదీన ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 సంవత్సరాల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పుచ్చుకొని, రెండు మూడు నిమిషాలలోనే మరణించింది. క్లోరోఫాం మత్తులో నమోదైన మొదటి మరణం ఇదే. ఆరోగ్యవంతురాలు, చిన్న శస్త్రచికిత్స, కొద్దిపాటి మందు. అయినా ప్రాణం పోయింది. ఆ తరువాత ఇటువంటి మరణాలు అడపాదడపా వినవస్తూనే ఉన్నాయి. వీటికి కారణం ఏమిటి అన్న ప్రశ్నపై వైద్యులు రెండు వర్గాలుగా చీలిపోయారు.

లండను వర్గం వారు క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయగలదని, కాబట్టి ఆవిరి మోతాదును కొలిచి ఇవ్వాలని, నాడిపై వేలు ఉంచాలని చెప్పారు. ఈ వర్గానికి ఆద్యుడు జాన్ స్నో. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపినవాడుగా ప్రసిద్ధుడైన ఈయన, క్లోరోఫాం మరణాలు 50 సేకరించి ఒక్కొక్కదానిని విడివిడిగా పరిశీలించాడు. ఈ వివరాలు ఆయన మరణించిన 1858లోనే గ్రంథంగా వెలువడ్డాయి.

ఎడిన్‌బరో వర్గం వారు శ్వాస ఆగిన తరువాతనే గుండె ఆగుతుందని, కాబట్టి నాడిని చూస్తూ కూర్చోవడం వృథా అని, దృష్టి అంతా శ్వాసపైననే ఉండాలని చెప్పారు. సైమ్, ఆయన అల్లుడు జోసెఫ్ లిస్టర్ ఈ వర్గంలో ముఖ్యులు.

1864లో రాయల్ మెడికల్ అండ్ చిరుర్జికల్ సొసైటీ నియమించిన సంఘం, 1880 ప్రాంతంలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ తరఫున పనిచేసిన గ్లాస్గో సంఘం కూడా క్లోరోఫాం గుండెను, రక్తపోటును కుంగదీస్తుందనే భావించాయి. ఎడిన్‌బరో పద్ధతి ఓడిపోతున్నట్లు కనిపించిన ఆ సమయంలో, దానికి సుదూరమైన దక్కనులో ఒక సమర్థకుడు దొరికాడు.

హైదరాబాదులో

1885లో లారీ హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. బ్రిటిషు రెసిడెంటుకు, ఆయన సిబ్బందికి వైద్యుడుగా ఉండడం ఈ పదవి ముఖ్యవిధి. దానితోపాటు నిజాం ప్రభుత్వపు వైద్యసంస్థల బాధ్యత కూడా ఆయనకు లభించింది. వీటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి 1846లో స్థాపించిన హైదరాబాదు వైద్యపాఠశాల. ఇదే తరువాతి కాలంలో ఉస్మానియా వైద్యకళాశాలగా పరిణమించింది. రెండవది మూసీనది ఒడ్డున మొదటి సాలార్‌జంగ్ కాలంలో వెలసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో ఈ ఆసుపత్రి ధ్వంసమైంది. దాని స్థానంలోనే ఉస్మానియా జనరల్ ఆసుపత్రి నిర్మాణమైంది.

లారీ శస్త్రచికిత్సలు చేయడమే కాక, మత్తు ఇవ్వడాన్ని ఒక ప్రత్యేకవిద్యగా విద్యార్థులకు నేర్పాడు. ఆ రోజులలో అనేక ఆసుపత్రులలో మత్తు ఇచ్చే పని చేతికి దొరికినవారికి అప్పగించేవారు. మత్తు ఇచ్చే వ్యక్తి ఒక కన్ను శస్త్రచికిత్సపై వేసి ఉండడం సాధారణం. లారీ దీనిని సహించేవాడు కాదు. ఆయన పాఠశాలలో విద్యార్థులు నేర్చుకున్న ముఖ్యనియమాలు ఇవి:

* రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. మెడ, ఛాతీ, పొట్టలపై బిగువైన దుస్తులు ఉండరాదు.
* మందును గాలి ధారాళంగా ఆడే విధంగా గుడ్డపై లేదా గుడ్డతో చేసిన గొట్టంవంటి మూతలో వేసి పీల్పించాలి.
* రోగి పెనుగులాడినా, ఊపిరి బిగపట్టినా గుడ్డను వెంటనే తొలగించాలి. ఊపిరి బిగపట్టిన తరువాత తీసే దీర్ఘశ్వాసలో మందు అధికంగా లోపలికి పోతుంది.
* కనుగ్రుడ్డును తాకినప్పుడు రెప్ప కదలకపోతే మత్తు పూర్తి అయినట్లు. ఆపైన మందు పెంచరాదు.
* శ్వాసలో గురక గాని, అడ్డంకి గాని వినవస్తే గడ్డాన్ని పైకెత్తాలి, అవసరమైతే నాలుకను ముందుకు లాగాలి.
* శ్వాస ఆగితే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా కృత్రిమశ్వాస ప్రారంభించాలి.
* మత్తు ఇచ్చే వ్యక్తి శస్త్రచికిత్సను చూడరాదు. అతని పని రోగి శ్వాసను కాపాడడం ఒక్కటే.

వీటిలో చాలావరకు నేటి మత్తువైద్యుడు కూడా కాదనలేని మాటలే. ముఖ్యంగా ప్రమాదం సంభవించిన తరువాత మేల్కొనడం కాక, దానికి ముందుగా వచ్చే చిన్న సూచనను గుర్తించి అక్కడే ఆగాలని నేర్పడం ఈ నియమాల సారాంశం. ఈ పద్ధతిలో తాము వేలాదిమందికి క్లోరోఫాం ఇచ్చామని, ఒక్క మరణం కూడా సంభవించలేదని లారీ ప్రకటించాడు.

మొదటి క్లోరోఫాం కమిషన్ (1888)

తన అనుభవానికి ప్రయోగపూర్వకమైన ఆధారం ఉండాలన్న ఉద్దేశంతో లారీ నిజాం ప్రభుత్వాన్ని ఒప్పించి 1888లో ఒక కమిషన్‌ను ఏర్పాటు చేయించాడు. దీనికి పాట్రిక్ హెహిర్ అధ్యక్షుడు. కెల్లీ, చామరెట్ ఇతర సభ్యులు. వీరు 141 కుక్కలపై ప్రయోగాలు జరిపారు. ప్రతి సందర్భంలోను ముందుగా శ్వాస ఆగిందని, గుండె ఆ తరువాతనే ఆగిందని నిర్ధారించారు.

1889లో వైద్యపాఠశాల బహుమతి ప్రదాన సభలో లారీ ఈ ఫలితాన్ని సగర్వంగా వెల్లడించాడు. అది లండనులోని ప్రముఖ వైద్యపత్రిక లాన్సెట్ దృష్టికి వెళ్ళింది. లాన్సెట్ ఈ నిర్ధారణను అంగీకరించలేదు. మనుష్యులలో గుండె ముందుగా ఆగిన దాఖలాలు అనేకం ఉండగా కుక్కలపై చేసిన ప్రయోగాలతో వాటిని త్రోసిపుచ్చడం కుదరదని ఆ పత్రిక అభిప్రాయపడింది.

రెండవ క్లోరోఫాం కమిషన్ (1889)

లాన్సెట్ విమర్శకు హైదరాబాదు నుండి వచ్చిన సమాధానం ఎవరూ ఊహించనిది. ఆ పత్రిక తన ప్రతినిధిగా ఒక శాస్త్రజ్ఞుని పంపి, ప్రయోగాలను స్వయంగా మళ్ళీ జరిపించుకోవచ్చునని లారీ సూచించాడు. అందుకు అయ్యే ఖర్చు నిమిత్తం నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. ఒక భారతీయ సంస్థానం తన పరిశోధనను విమర్శించిన విదేశీ పత్రికకే డబ్బిచ్చి పరీక్షకు పిలవడం వైద్యచరిత్రలో అరుదైన విషయం.

లాన్సెట్ ఎంపిక చేసిన ప్రతినిధి థామస్ లాడర్ బ్రంటన్. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రికి చెందిన ఈయన ఔషధశాస్త్రంలో పేరెన్నికగన్నవాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చునని 1867లో చూపినవాడు. పైగా క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మే పక్షంవాడు. అందుచేత ఈయన తీర్పు నిష్పాక్షికంగా ఉంటుందని ఇరుపక్షాలూ భావించాయి.

1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు కమిషన్ హైదరాబాదులో పనిచేసింది. లారీ అధ్యక్షుడు. బ్రంటన్, జెరాల్డ్ బామ్‌ఫర్డ్, నిజాం వైద్యశాఖకు చెందిన రుస్తుంజీ హకీం సభ్యులు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగాయి. వీటిలో నూరుకు పైగా ప్రయోగాలలో జంతువు రక్తనాళానికి పాదరసపు కొలమానాన్ని అమర్చి, తిరిగే డ్రమ్ముపై మసిపూసిన కాగితం చుట్టి, రక్తపోటు హెచ్చుతగ్గులను గీతలుగా నమోదు చేశారు. ఈ గీతలను ఛాయాచిత్రాలు తీసి భద్రపరచారు. నాటికి ఇది అత్యాధునికమైన పద్ధతి.

ప్రయోగాలు ముగిసేనాటికి బ్రంటన్ అభిప్రాయం మారిపోయింది. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల గాని, మోతాదు మించడం వల్ల గాని వస్తుందే తప్ప క్లోరోఫాం గుండెపై నేరుగా పనిచేయడం వల్ల రాదని ఆయన లాన్సెట్‌కు తంతి పంపాడు. పూర్తి నివేదిక 1890లో లాన్సెట్‌లోను, 1891లో బొంబాయి నుండి గ్రంథరూపంలోను వెలువడింది. లారీ పక్షం నెగ్గినట్లయింది. హైదరాబాదు పేరు ఐరోపా వైద్యసభలలో మారుమ్రోగింది.

శిష్యులు

లారీ కాలంలోనే హైదరాబాదు వైద్యపాఠశాలలో స్త్రీలకు ప్రవేశం లభించింది. 1885లో చేరిన తొలి విద్యార్థినులలో పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. ఆమె 1889లో పట్టం పుచ్చుకొని అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోను, నగరంలోని ఇతర ఆసుపత్రులలోను క్లోరోఫాం ఇచ్చే బాధ్యత నిర్వహించింది. కమిషన్ల కృషిలో కూడా పాలుపంచుకుంది. 1909లో ఎడిన్‌బరో వెళ్ళి మత్తువైద్యానికి ఉపకరించే భౌతిక, రసాయన శాస్త్రాలను అభ్యసించింది. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా ఆమెను పేర్కొంటారు.

మత్తు ఇవ్వడం శ్రద్ధతో చేయవలసిన ప్రత్యేకవృత్తి అన్న లారీ బోధన ఇటువంటి శిష్యుల చేతిలో నిలిచింది. గురువు సిద్ధాంతం చెల్లకపోయినా గురువు నేర్పిన శ్రద్ధ చెల్లింది.

విమర్శలు, వివాదాలు

కమిషన్ నివేదికతో వివాదం ముగియలేదు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు ఒక జంతువు రక్తప్రసరణను మరొక జంతువుతో కలిపి, మెదడుకు మాత్రమే క్లోరోఫాం చేరినప్పుడు, గుండెకు చేరినప్పుడు కలిగే ఫలితాలను వేరుచేసి చూశారు. రక్తపోటు పడిపోవడానికి ముఖ్యకారణం క్లోరోఫాం గుండెపై నేరుగా పనిచేయడమేనని తేల్చారు. లారీ దీనిని ఒప్పుకోలేదు.

అదే సంవత్సరంలో లాన్సెట్ మరొక మార్గం త్రొక్కింది. జంతువుల ప్రయోగాలతో సరిపెట్టుకోక, ఆసుపత్రులలో మత్తు ఇచ్చినప్పుడు రోగులకు వాస్తవంగా ఏమి జరిగిందన్న వివరాలను సేకరించి ప్రచురించింది. ఈ వివరాలు కూడా హైదరాబాదు నిర్ధారణకు అనుకూలంగా లేవు.

లారీ వాదంలో ఒక చిక్కు ఉంది. సరిగా ఇచ్చిన క్లోరోఫాం ఎన్నడూ చంపదన్నది ఆయన సిద్ధాంతం. అట్లయితే రోగి మరణించిన ప్రతిచోటా మత్తు ఇచ్చినవాడు శ్వాసను గమనించలేదని అర్థం. నాడి ముందుగా ఆగిందని ఏ వైద్యుడు చెప్పినా, అతడు శ్వాసను సరిగా చూసి ఉండడు అని సమాధానం వచ్చేది. ఈ విధంగా సిద్ధాంతానికి విరుద్ధమైన ప్రతి నివేదికా దానిని ఇచ్చిన వైద్యుని అజాగ్రత్తకు సాక్ష్యంగా మారిపోయింది. నిజాన్ని బయటపెట్టినవాడే దోషిగా నిలబడవలసి వచ్చే చోట నిజాలు బయటకు రావడం తగ్గిపోతుంది. లారీ ఉద్దేశం ఇది కాకపోయినా ఆయన వాదం పర్యవసానం ఇదే.

లారీ మరొక వివాదంలో కూడా ఇదే ధోరణి చూపాడు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నాడు. అవి జీవులు కావని, రక్తకణాలలో కలిగిన మార్పులేనని లారీ వాదించాడు. ఆ సమయంలోనే సికింద్రాబాదులో పనిచేస్తున్న రోనాల్డ్ రాస్‌కు ఈ విషయంలో లారీతో అభిప్రాయభేదం ఏర్పడింది. 1897 ఆగస్టు 20న రాస్ సికింద్రాబాదులోనే దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఒకే జంటనగరాలలో, ఒకే దశాబ్దంలో రెండు పెద్ద ప్రశ్నలపై కృషి జరగడం, రెండింటిలోను లారీ నిర్ధారణ తప్పు కావడం గమనార్హం.

చివరి సంవత్సరాలు

1901లో లారీ హైదరాబాదు విడిచి వెళ్ళాడు. అదే సంవత్సరం విద్యార్థుల కొరకు, వైద్యుల కొరకు క్లోరోఫాంపై ఒక పాఠ్యగ్రంథాన్ని లండనులో ప్రచురించాడు. పదహారేళ్ళ హైదరాబాదు అనుభవం అందులో ఉంది. సిద్ధాంతంలో మాత్రం ఆయన తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. 1915లో మరణించాడు.

తరువాత తేలిన నిజం

లారీ జీవించి ఉండగానే, 1911లో, గుడ్‌మన్ లెవీ అనే లండను వైద్యుడు చిక్కుముడిని విప్పాడు. పిల్లులపై చేసిన ప్రయోగాలలో, క్లోరోఫాం ఎక్కువైనప్పుడు కాక తక్కువగా ఉన్నప్పుడు, అంటే తేలిక మత్తులో ఎడ్రినలిన్ ప్రభావానికి గుండె లోనైతే, గుండె క్రింది గదులు క్రమం తప్పి అదిరి హఠాత్తుగా ఆగిపోతాయని చూపాడు. భయపడిన రోగిలోను, మత్తు పూర్తిగా ఎక్కకముందే కత్తి పెట్టిన రోగిలోను శరీరమే ఎడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. హానా గ్రీనర్ వంటివారు చిన్న శస్త్రచికిత్సలలో, మొదటి నిమిషాలలోనే మరణించడానికి కారణం దీనితో అర్థమైంది.

హైదరాబాదు కమిషన్ దీనిని ఎందుకు చూడలేకపోయింది? ఇందుకు రెండు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, కమిషన్ ప్రయోగాలలో ముఖ్యభాగం మోతాదు మించి జంతువు మరణించే క్రమాన్ని పరిశీలించడం. ఆ మార్గంలో శ్వాసయే ముందు ఆగుతుంది. కనుక వారు చూసింది నిజమే. కాని అది మరణానికి ఉన్న రెండు దారులలో ఒకటి మాత్రమే.

రెండవది, సంఖ్య. క్లోరోఫాం మరణాలు సుమారు మూడువేల మందిలో ఒకరికి సంభవిస్తాయన్నది ఆ కాలంలో తరచు చెప్పిన అంచనా. అంత అరుదైన ప్రమాదం నాలుగైదు వందల ప్రయోగాలలో కనబడకపోతే అది లేదని తేల్చడానికి వీలులేదు. అరుదైన ప్రమాదాన్ని తెలుసుకోవాలంటే అనేక ఆసుపత్రుల అనుభవాన్ని ఒకచోట చేర్చవలసిందే.

ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలానికి క్లోరోఫాం స్థానాన్ని మెరుగైన మందులు ఆక్రమించాయి. శ్వాసను చూడాలా, నాడిని చూడాలా అన్న ప్రశ్న కూడా అర్థం కోల్పోయింది. నేటి శస్త్రచికిత్స గదిలో రెండింటినీ చూస్తారు. గుండె గతిని ఇ.సి.జి. తెర, రక్తంలోని ఆక్సిజన్‌ను వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కాప్నోగ్రాఫ్ ఎడతెగకుండా చూపుతూ ఉంటాయి.

తృటిలో తప్పిన ప్రమాదాలు - లారీ కృషి

రోగికి హాని జరగవలసి ఉండి, సమయానికి గుర్తించడం వల్ల గాని, కేవలం అదృష్టం వల్ల గాని తప్పిపోయిన సంఘటనను నియర్ మిస్ అంటారు. తెలుగులో తృటిలో తప్పిన ప్రమాదం అనవచ్చు. విశాఖపట్నం వంటి ఓడరేవు, ఉక్కు పరిశ్రమల నగరాలలో పనిచేసినవారికి ఈ మాట కొత్త కాదు. క్రేను నుండి జారిన ఇనుపముక్క ఎవరి మీదా పడకపోయినా దానిని నమోదు చేయాలన్నది భారీపరిశ్రమల భద్రతాసూత్రం. ఎవరికీ దెబ్బ తగలలేదు కదా అని వదిలిపెడితే మరునాడు అదే ముక్క మనిషి మీద పడుతుంది.

మత్తువైద్యంలో ఈ ఆలోచనకు శాస్త్రీయరూపం ఇచ్చినవారిలో అమెరికాకు చెందిన జెఫ్రీ కూపర్ ముఖ్యుడు. వృత్తిరీత్యా ఇంజనీరైన కూపర్, ఆయన సహచరులు వైద్యులను విడివిడిగా కలిసి, మత్తు ఇచ్చేటప్పుడు తప్పిపోయిన, తప్పించగలిగి ఉండిన సంఘటనలను అడిగి తెలుసుకున్నారు. 47 మంది చెప్పిన 359 సంఘటనలను 1978లో విశ్లేషించి ప్రచురించారు. వీటిలో 82 శాతం మానవ తప్పిదాలతో ముడిపడినవి. శ్వాసగొట్టం ఊడిపోవడం, వాయుప్రవాహం పొరపాటున మారడం, ఒక సిరంజికి బదులు మరొకటి వాడడం పదే పదే కనిపించాయి. పరికరమే చెడిపోయిన సందర్భాలు 14 శాతం మాత్రమే. 1988లో ఆస్ట్రేలియాలో దేశవ్యాప్తంగా ఇటువంటి సంఘటనలను పేరు చెప్పనవసరం లేకుండా తెలియజేసే ఏర్పాటు మొదలైంది. అక్కడ పోగైన మొదటి 2,000 నివేదికల విశ్లేషణ 1993లో వెలువడింది. విమానయానంలో ఇటువంటి ఏర్పాటును అమెరికా 1976లోనే ప్రారంభించింది. భారతదేశంలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్.ఎ.బి.హెచ్. ప్రమాణాలలో కూడా నియర్ మిస్‌ల నమోదు ఒక భాగం.

ఈ దృష్టితో చూస్తే లారీ కృషిలో ఒక సగం ముందుచూపు, ఒక సగం లోపం కనిపిస్తాయి.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆయన విద్యార్థి గురక విని గడ్డం పైకెత్తినప్పుడల్లా, శ్వాస తడబడగానే గుడ్డ తొలగించినప్పుడల్లా ఒక ప్రమాదం తృటిలో తప్పింది. చిన్న సూచనను పెద్ద ప్రమాదంగా భావించి స్పందించడం లారీ నేర్పిన గొప్ప పాఠం. కాని ఆయన వాదంలో ముందు నిలిచిన లెక్క మరణాల లెక్క. మరణం సున్నా అయినప్పుడు పద్ధతి నిర్దోషమని ఆయన భావించాడు. సున్నాకు వెనుక ఎన్నిసార్లు శ్వాస ఆగింది, ఎన్నిసార్లు కృత్రిమశ్వాస అవసరమైంది, ఎన్నిసార్లు నాడి తడబడింది అన్న ప్రశ్నలు ఆ వాదంలో వెనుకబడిపోయాయి. ఇతర ఆసుపత్రుల వైద్యులు పంపిన విరుద్ధ నివేదికలు ఆయనకు సమాచారంగా కాక, అపరాధాలుగా కనిపించాయి.

నేటి నివేదన పద్ధతి సరిగా దీనికి వ్యతిరేకమైన నమ్మకంపై ఆధారపడింది. చెప్పినవారిని శిక్షించరాదు, చెప్పిన విషయాన్ని సిద్ధాంతానికి సరిపోలేదని త్రోసివేయరాదు, ఎవరు చేశారని కాక ఎందుకు జరిగిందని అడగాలి. జాన్ స్నో 50 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన ఓర్పు, లారీ ప్రతి శ్వాసను గమనించమన్న జాగరూకత రెండూ కలిసినప్పుడే రోగికి భద్రత కలిగింది.

గుర్తింపు

లారీ నిర్ధారణ తప్పని తేలినప్పటికీ హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ల ప్రస్తావన లేని మత్తువైద్య చరిత్రగ్రంథం అరుదు. మత్తుమందు భద్రతను అభిప్రాయాలతో కాక కొలతలతో తేల్చాలని, ఆ కొలతలను విమర్శకుల ఎదుటనే మళ్ళీ తీసి చూపాలని జరిగిన తొలి పెద్దప్రయత్నాలలో ఇది ఒకటి. దానికి ఒక దక్కను సంస్థానం వేదిక కావడం, రుస్తుంజీ హకీం, రూపాబాయి ఫర్దూన్జీ వంటి స్థానిక వైద్యులు అందులో భాగస్వాములు కావడం తెలుగునాట వైద్యచరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నేడు లేదు. ఆయన ప్రధానాచార్యుడుగా ఉండిన పాఠశాల ఉస్మానియా వైద్యకళాశాలగా కొనసాగుతున్నది. మత్తు ఇచ్చే వ్యక్తి కన్ను, చెవి రోగి శ్వాసపైనే ఉండాలన్న ఆయన నియమం నేటికీ వైద్యవిద్యార్థుల పాఠాలలో ఉంది.